వెనక్కి పోయిన ఫోటోలు

మా బావ ఫోటోగ్రాఫరు. నేను ఫ్రేములు కడతాను. మా రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకి ఒక తలుపు. బావ తీసిన ఫోటో ఆ తలుపులోంచి నా దగ్గరికి వచ్చేది. నేను దానికి నాలుగు పుల్లలు, ఒక అద్దం తగిలించి పంపేవాణ్ణి. ఊళ్ళో బావని అందరూ చుక్కల ఫోటో మాస్టారు అనేవాళ్ళు. ఆయన తీసిన ఫోటోల్లో మనిషి వెనకాల దీపాలు దీపాల్లా ఉండవు. నక్షత్రాలుగా, ఆకులుగా, చేపలుగా, ఎగిరే పిట్టలుగా ఉంటాయి. అలాంటి ఫోటో ఒక్కటైనా లేని ఇల్లు మా వీధిలో లేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఆ పేరు రావలసింది బావకి కాదు, మా అక్కకి. ఈ మాట అక్క వినేలా ఒక్కసారైనా అని ఉంటే నేనిప్పుడు కూర్చుని ఇదంతా రాసే పని ఉండేది కాదు.

అక్క పెళ్ళికి ముందు ఆరేళ్ళు అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసింది. చెప్పుల పెట్టెలు, మందుల పెట్టెలు, గాజు గ్లాసుల మధ్య పెట్టే అడ్డట్టలు. గీత గియ్యకుండా, కొలత చూడకుండా అట్టని గుండ్రంగా కత్తిరించగలదు. నేనేమో ఒక్కో ఫోటో చుట్టూ పెట్టే మౌంటు అట్ట కోయడానికి స్కేలు, పెన్సిలు, రబ్బరు ముందేసుకుని అరగంట తపస్సు చేసేవాణ్ణి. అక్క తలుపు దగ్గర నిలబడి చూసి నవ్వేది. స్కేలు లేకపోతే నువ్వు పాపిడి కూడా తీసుకోలేవురా అనేది. నాకు ఒళ్ళు మండేది. నాకు చిన్నదానికీ పెద్దదానికీ ఒళ్ళు మండుతుంది. ఆ గుణమే చివరికి నా కొంప ముంచింది.

బావ మతిమరుపు మనిషి. లెన్స్ మూత మూడుసార్లు పోగొట్టాడు. మూడోసారి అక్క విసుక్కుని, నల్లటి అట్టతో ఒక మూత తనే చేసి లెన్స్‌కి తొడిగింది. గోరు పెట్టి లాగడానికి వీలుగా మధ్యలో మూడు మూలల చిల్లు ఒకటి కోసింది. ఆ సాయంత్రం ఎదురుగా ఉన్న బట్టల కొట్టు యజమాని, తన కొట్టు దీపాలన్నీ వెనక కనిపించేలా ఒక ఫోటో కావాలని వచ్చాడు. బావ మూత తీయడం మరిచిపోయి ఫోటో తీసేశాడు. కొంచెం చీకటిగా ఉందేమిటా అనుకున్నాడట తప్ప మూత సంగతి తట్టలేదు. ఫోటో చూస్తే యజమాని బాగానే ఉన్నాడు. ఆయన వెనక దీపాలన్నీ మూడు మూలల బిళ్ళలైపోయాయి. లెన్స్ పాడైపోయిందని బావ తల పట్టుకు కూర్చున్నాడు. అక్క ఆ ఫోటో ఒక చేత్తో, మూత ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు మార్చి మార్చి చూసింది.

"లెన్స్‌కేం కాలేదండీ," అంది. "చిల్లు ఎలా ఉంటే వెనక దీపం అలా పడింది."

విద్య అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మనిషిని దగ్గరగా నిలబెట్టి, దీపాలు దూరంగా ఉంచి, మనిషి మీదే ఫోకస్ పెడితే వెనక దీపాలు అలుక్కుపోయి గుండ్రటి మచ్చలవుతాయి. మూత మధ్యలో నక్షత్రం కోస్తే ఆ మచ్చలు నక్షత్రాలవుతాయి. వినడానికి తేలిక, చేయడానికి అక్కకి నాలుగు నెలలు పట్టింది. చిల్లు పెద్దదైతే ఆకారం కలిసిపోయి మళ్ళీ గుండ్రంగానే వస్తుంది. మరీ చిన్నదైతే ఫోటో నాలుగు మూలలూ నల్లబడతాయి. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దగా, కోటు గుండీ కంటే కాస్త చిన్నగా ఉండాలని ఆమె తేల్చింది. అంచున ఒక్క నూగు మిగిలినా, ఫోటోలో ప్రతి నక్షత్రానికీ ఒక వెంట్రుక మొలుస్తుంది. అందుకని గోళ్ళ కత్తెరతో కోసి, బ్లేడుతో గీకి, చివర అగ్గిపుల్ల మంటని అంచు పక్కగా ఒక్క క్షణం తిప్పేది. ఆ మూతలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఒక్కోదాని వెనకా పేరు రాసుకుంది. అరవై మూడు మూతలు. తాళంచెవి ఉంది, గొడుగు ఉంది, రెండు చెవుల కుందేలు కూడా ఉంది.

బావ మొదట్లో చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొత్తగా పెళ్ళయిన జంట వస్తే హృదయాల మూత పెట్టాడు. నిలువు ఫోటో కావాలంటే కెమెరా పక్కకి తిప్పాడు. కెమెరాతో పాటు మూత కూడా తిరుగుతుందని ఆలోచించలేదు. ఫోటోలో హృదయాలన్నీ పక్కకి ఒరిగి పడుకున్నాయి. పెళ్ళికొడుకు చూసి, పెళ్ళయిన వారానికే ఇవి పడకేశాయేమిటండీ అన్నాడు. ఆ తరవాత అక్క ప్రతి మూత అంచునా రెండు చోట్ల చిన్న గాటు పెట్టింది. అడ్డ ఫోటోకి ఒక గాటు, నిలువు ఫోటోకి ఒక గాటు పైకి రావాలి. ఇక బావ కూడా తప్పు చేయడానికి వీల్లేకుండా పోయింది.

స్టూడియో రైలు పెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉండేది. వెనక గోడకి నల్లగుడ్డ. ఆ గుడ్డ ముందు అక్క నల్ల శాలువా కప్పుకుని, రెండు చేతులకీ సీరియల్ బల్బుల దండలు చుట్టుకుని నిలబడేది. బల్బుల్ని గోడకి మేకులు కొట్టి వేలాడదీయొచ్చు కదా అని అందరూ అడుగుతారు. వచ్చే మనుషులు ఒకే ఎత్తు ఉండరు. పొట్టివాడి తల చుట్టూ ఉన్న దీపాలు పొడుగువాడి నడుము దగ్గరికి వస్తాయి. అక్క అయితే మనిషిని చూసి చేతులు ఎత్తుతుంది, దించుతుంది, పిల్లలైతే మోకాళ్ళ మీద కూర్చుంటుంది. తన మొహం మాత్రం ఎదుటి మనిషి తల వెనక సరిగ్గా దాచుకోవాలి. బావ "కుడికి" అంటాడు, "ఇంకొంచెం" అంటాడు, "ఆఁ, ఇప్పుడు కనపడటం లేదు" అంటాడు. కనపడకపోతేనే పని కుదిరినట్టు. పదకొండేళ్ళు ఆమె అదే చేసింది.

ఈ పనిలో ఒక ఇబ్బంది ఉండేది. మూత పెట్టాక లెన్స్‌లోకి వెలుతురు తక్కువగా వస్తుంది, ఫోకస్ తడబడుతుంది. పెద్దవాళ్ళతో ఫరవాలేదు. పిల్లలు మాత్రం వెనక ఉన్నదెవరో చూద్దామని తల పక్కకి వంచుతారు. సరిగ్గా అప్పుడే బావ నొక్కితే ఫోకస్ పిల్లని వదిలేసి వెనక ఉన్న అక్క మీద పడుతుంది. దాన్ని మేం వెనక్కి పోయింది అనేవాళ్ళం. అలాంటి ఫోటోలో ముందున్న పిల్ల పొగలా అలుక్కుపోతుంది. నక్షత్రాలు ఉండవు, బల్బులు మామూలు బల్బుల్లాగే కనిపిస్తాయి. వాటి మధ్య మా అక్క మొహం, కనుబొమల మధ్య చెమటతో సహా, స్పష్టంగా ఉంటుంది.

సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ రోజు ఫోటోలు కంప్యూటర్లో ఏరడం నా పని. బావ మెతక మనిషి, ఏదీ తీసెయ్యలేడు. నాకు ఆ బాధ లేదు. వెనక్కి పోయినవన్నీ వరసగా చెరిపేసేవాణ్ణి. అక్క బల్బుల దండలు చుట్టలు చుట్టుకుంటూ నా భుజం మీంచి తొంగి చూసేది. "మళ్ళీ నువ్వొచ్చావక్కా" అనేవాణ్ణి. "నేను రాలేదురా, వాడు పక్కకి తప్పుకున్నాడు" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను మీట నొక్కేవాణ్ణి. ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు.

ఒకసారి ఒక గుమాస్తా గారి కూతురు ఐదో పుట్టినరోజుకి నలభై ఫోటోల ఆల్బం చేశాం. ఆ రోజు నాకు జ్వరం, ఏరడం బావ చేశాడు. అందులో వెనక్కి పోయిన ఫోటో ఒకటి ప్రింటై ఆల్బంలోకి వెళ్ళిపోయింది. గుమాస్తా కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం. ఆల్బం తెచ్చి నలుగురు కస్టమర్ల ముందు నా బల్ల మీద పడేశాడు. మా అమ్మాయేమో పొగమంచు, మీ ఆవిడేమో పున్నమి చంద్రుడు, ఇంతకీ పుట్టినరోజు ఎవరిదండీ అని బావని అడిగాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నాకు మాత్రం పరువు పోయినట్టనిపించింది. ఆ ఫోటో లాగేసి, అప్పటికప్పుడు కంప్యూటర్లోంచి కూడా దాన్ని చెరిపేశాను. ఇకనుంచి ఏ రోజు చెత్త ఆ రోజే పోవాలి, ఒక్కటి కూడా మిగలకూడదని రూలు పెట్టాను. నేనెవర్ని రూలు పెట్టడానికి? కానీ ఆ ఇద్దరూ సరేనన్నారు.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చి నా బల్ల మీద ఉన్న ఆ ప్రింటు తీసి చూసుకుంది. అందులో ఆమె చేతులు రెండూ ఎత్తి ఉన్నాయి. పిల్ల ఏదో అన్నట్టుంది, నవ్వు ఆపుకుంటున్న మొహం. పెళ్ళప్పటి ఫోటో ఒకటి, గుర్తింపు కార్డు మీద బెదిరిపోయి చూస్తున్న ఫోటో ఒకటి తప్ప మా అక్కకి సొంత ఫోటో లేదు. ఎవరు కెమెరా పట్టుకున్నా ఆమె వెళ్ళి దీపాలు పట్టుకునేది. ఇంట్లో ఫోటోలు కూడా ఆమే తీసేది.

"ఇది నాకు కట్టిపెట్టరా," అంది. "నా మొహం ఇలా ఉంటుందని నాకే తెలీదు."

కస్టమర్ వాపసిచ్చిన ఫోటోకి ఫ్రేమేమిటి, ఎవరైనా చూస్తే మళ్ళీ నవ్వుతారు, నీకు బావ చేత తీరిగ్గా మంచిది తీయిస్తాను అన్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు. అక్క ప్రింటు బల్ల మీద పెట్టి, ఇది మాత్రం పారెయ్యకు అని వెళ్ళిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. రోజూ పక్కనే ఉన్న మనిషి మొహానికి ఫ్రేమెందుకని నా బుర్రకి అనిపించింది.

తరవాత వారంలో చేతినిండా పని. ఫ్రేములో ఫోటోకి, వెనక అట్టకి మధ్య సందు మిగిలితే ఫోటో కదులుతుంది. సందు నిండటానికి పాత క్యాలెండర్లు, పనికిరాని ప్రింట్లు మడవకుండా లోపల పెట్టి బిగిస్తాం. మా పనిలో అందరూ చేసేదే. ఒకరోజు ఏదో ఫ్రేములో సందు మిగిలింది. చెయ్యి చాపితే దొరికిన మందపాటి కాగితం అక్క ఫోటో. పెట్టి, అట్ట మూసి, మేకులు కొట్టేశాను. ఆ క్షణంలో నాకు తెలుసు, అది అక్క ఫోటో అని. తెలిసే పెట్టాను. వెనక్కి పోయిన ఫోటో వెనకే ఉంటుందిలే అని నాలో నేను ఒక జోకు కూడా వేసుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకి అక్క అడిగింది, ఆ ఫోటో ఏదిరా అని. భద్రంగా ఉంది, తీసి ఇస్తాను అన్నాను. ఏ ఫ్రేములో పెట్టానో అప్పటికే గుర్తు లేదు. ఆమె మరి అడగలేదు. నా మాట నమ్మింది.

బావ చేత మంచిది తీయిస్తానన్న మాట కూడా ఒకసారి నిలబెట్టుకోబోయాం. వాన పడి ఎవరూ రాని ఒక మధ్యాహ్నం బావ అక్కని స్టూలు మీద కూర్చోబెట్టాడు. డబ్బా తెరిచి ఏ ఆకారం పెట్టమంటావు అని అడిగాడు. నేను దండలు పట్టుకుని వెనక నిలబడ్డాను. నా చేతులు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో తెలియక చిక్కుపడుతుంటే అక్క వెనక్కి తిరిగి తిరిగి చెప్పేది.

"నాకేం నక్షత్రాలు వద్దండీ," అంది చివరికి. "మూత తీసేసి మామూలుగా తియ్యండి. మొహం కనపడితే చాలు."

బావ మూత తీశాడు. ఇంతలో గొడుగు విదిలించుకుంటూ తల్లీ పిల్లలూ ముగ్గురు లోపలికి వచ్చారు. అక్క స్టూలు మీంచి లేచి, కూర్చోండమ్మా అని చోటిచ్చి, నా చేతిలోంచి దండలు తీసుకుంది. మన ఫోటో ఎక్కడికి పోతుంది, రేపు తీసుకుందాం అంది. ఆ రేపు రాలేదు. ఎవరూ అడ్డం పడలేదు, ఊరికే రాలేదు.

తరవాతి ఏడు చలికాలంలో అక్కకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. పదో రోజు పొద్దున్న మేం ఆమెని కాక ఆమె దుప్పటినీ, చెప్పులనీ ఇంటికి తెచ్చుకున్నాం. నలభై రెండేళ్ళు.

గోడకి పెట్టడానికి నేనే ఫ్రేము కట్టాలనుకున్నాను. మంచి కర్ర తెచ్చి, మూలలు కలిపి, అద్దం తుడిచి పెట్టాను. లోపల పెట్టడానికి ఫోటో లేదు. బావా నేనూ పదకొండేళ్ళ ఫోటోలు వరసగా తెరిచి చూశాం. వేల ఫోటోలున్నాయి. ప్రతిదాంట్లో అక్క ఉంది. ఎవరో పిల్ల తల వెనక, ఎవరో పెళ్ళికూతురు చెవి పక్కన, నక్షత్రాల మధ్య ఒక నల్లటి నీడగా ఉంది. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. మొహం ఉన్నవన్నీ ఏ రోజువి ఆ రోజు నేను ఏరి పారేశాను. అంత శ్రద్ధగా నేను జీవితంలో ఇంకే పనీ చేయలేదు. గుర్తింపు కార్డు ఫోటో పెద్దది చేస్తే ఎవరో భయపడిన మనిషి వచ్చింది. పెళ్ళి ఫోటోలో ఉన్న ఇరవై రెండేళ్ళ పిల్ల నాకు స్కేలు గురించి జోకులు వేసిన మనిషి కాదు.

అప్పుడు బావ కంప్యూటరు ఆపేసి నావైపు తిరిగాడు.

"ఎందుకీ వెతుకులాట? ఆ గుమాస్తా వాపసిచ్చిన ప్రింటు నీ దగ్గరుందిగా," అన్నాడు. "ఆసుపత్రిలో కూడా చెప్పింది. తమ్ముడి దగ్గర భద్రంగా ఉంది, ఎప్పుడైనా కావాలంటే అడిగి తీసుకోండి అని."

నేను చెప్పేశాను. ఎక్కడ పెట్టానో, ఎలా పెట్టానో, ఆమెతో ఏమన్నానో అంతా చెప్పేశాను. బావ తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. ఆయన బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూతలు ఒక్కొక్కటీ తీసి, వెనక అక్క రాసిన పేర్లు చదువుకుంటూ కూర్చున్నాడు. చివరి మూత కూడా చదివాక, వెతుకు అన్నాడు. అంతే అన్నాడు. ప్రింట్లు వేసే ల్యాబుకి వెళితే నెల దాటినవి మేం ఉంచం అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రెండు నెలల్లో నాకు బాగా తెలిసింది. నా ఆర్డర్ల పుస్తకంలో ఆ వారం కట్టిన ఫ్రేములు పదిహేడు. సంచిలో పట్టకారు, సుత్తి, మేకులు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక బడి పంతులు గారి వీడ్కోలు ఫోటో విప్పాను. వెనక రెండేళ్ళ కిందటి క్యాలెండరు ఉంది. ఒక నర్సు సర్టిఫికెట్ విప్పాను. పాత వార్తాపత్రిక ఉంది. ఒకావిడ తను కుట్టిన చిలకల ఫ్రేము విప్పనిచ్చే ముందు, దీంట్లో ఏమైనా విలువైనది దాచావా నాయనా అని అనుమానంగా అడిగింది. అవునమ్మా అన్నాను. ఆవిడ నా పక్కనే కూర్చుని చూసింది. లోపల ఎవరిదో చిరిగిన శుభలేఖ ఉంది. నాకంటే ఆవిడే ఎక్కువ బాధపడింది. పదకొండు ఫ్రేములు విప్పి మళ్ళీ బిగించాను. రెండు పగిలిపోతే పారేశామన్నారు. మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఊరు మారిపోయారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

కాబట్టి మా అక్క ఇప్పటికీ ఎవరి ఇంట్లోనో, ఎవరి ఫోటో వెనకో, చేతులు రెండూ ఎత్తి నవ్వు ఆపుకుంటూ ఉండి ఉండొచ్చు. లేదా చెత్తకుప్పలో పోయి ఉండొచ్చు. అక్కడ పెట్టింది మాత్రం నేనే.

బావ ఇప్పుడు దీపాలకి ఒక స్టాండు చేయించాడు. నక్షత్రాలు బాగానే వస్తున్నాయి. నేను కట్టిన ఆ ఫ్రేములో బావ ఏరి ఇచ్చిన ఫోటో ఒకటి పెట్టాను. ముందు ఎవరిదో పిల్ల, కాస్త పక్కకి ఒరిగి, స్పష్టంగా ఉంటుంది. ఆ పిల్ల కనిపించకుండా మౌంటు కోసాను, ఈసారి స్కేలు లేకుండా. అంచు వంకరగా వచ్చింది, అలాగే ఉంచాను. మౌంటు లోపల మిగిలింది పన్నెండు నక్షత్రాలు, వాటి మధ్య మొహం కావలసిన చోట ఒక గోధుమరంగు మసక. నా బల్ల ఎదురుగా పెట్టుకున్నాను.

మొన్న ఒకావిడ కూతురి ఫోటోకి ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చింది. నేను పుల్లలు కోస్తుంటే గోడ మీద ఉన్నది చాలాసేపు చూసింది.

"అందరివీ ఇంత బాగా కట్టి ఇస్తారు, మీరు మాత్రం ఈ మసక ఫోటో పెట్టుకున్నారేమిటండీ?" అని అడిగింది.

"బాగా వచ్చింది ఒకటుందండీ," అన్నాను. "మీ ఇంట్లో నేను కట్టిన పాత ఫ్రేము ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి పట్టుకురండి. వెనక అట్ట విప్పి, చూసి ఇచ్చేస్తాను."